అమ్మ చేత చెప్పించిన సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మా అమ్మ కీళ్ళవాతానికి వైద్యం చేస్తున్న డాక్టరు గారికి, మరీ ముఖ్యంగా అక్కడ మందులిచ్చే కౌంటరులో ఉండే సిస్టర్ గారికి మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

అమ్మకు మెథోట్రెక్సేట్ రాశారు. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. తెలియక రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడతాయి, మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. డాక్టరు గారు వివరంగానే చెప్పారు. అమ్మ తలూపింది. అర్థమైందా అని ఎవరడిగినా అమ్మ "ఆ, అయింది బాబూ" అనే అంటుంది. డాక్టరు ఎదుట కూర్చుని అర్థం కాలేదనడానికి మన పెద్దవాళ్ళకు ఎంత మొహమాటమో!

సిస్టర్ గారు అసలు ఆ ప్రశ్నే వేయలేదు. బిళ్ళల అట్ట అమ్మ చేతిలో పెట్టి, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి పిన్నిగారూ, ఇంటికెళ్ళాక దీన్ని ఎలా వేసుకుంటారో చెప్పండి" అన్నారు.

"రాత్రి అన్నం తిన్నాక, షుగరు బిళ్ళతో పాటు రోజూ ఒకటి" అంది అమ్మ.

పక్కనే ఉన్న నాకు గుండె గుభేలుమంది. ఆవిడ మాత్రం విసుక్కోకుండా, "ఏ రోజైతే మీకు బాగా గుర్తుంటుంది?" అని అడిగారు. అమ్మకు శనివారం ఒక్కపొద్దు. ఆ రాత్రి ఫలహారం చేశాక వేసుకుంటానని తనే ఖాయం చేసుకుంది. చీటీ మీద "శనివారం మాత్రమే" అని తెలుగులో పెద్దగా రాసిచ్చారు. నోట్లో పుళ్ళు, జ్వరం, ఆయాసం వస్తే బిళ్ళ ఆపి వెంటనే ఫోన్ చేయమన్నారు. సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ బిళ్ళలు షాపులో అడిగి కొనుక్కోవద్దనీ, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఈ మందు పేరు చెప్పాలనీ అన్నారు. అంతా అయ్యాక మళ్ళీ మొదటి నుంచి అమ్మ చేతే చెప్పించారు.

ఈ పద్ధతిని వైద్యంలో టీచ్ బ్యాక్ అంటారు. మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. 2023లో రోగుల భద్రతా దినం నాడు రోగుల్నీ ఇంటివాళ్ళనీ వైద్యంలో భాగస్వాముల్ని చేయమంది. అది ఆ కౌంటరు దగ్గర మా కళ్ళెదుటే జరిగింది.

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆసుపత్రి పెద్దలకు విడిగా ఉత్తరం ఇచ్చాం. వెనక వరుసలో జనం తొందరపెడుతున్నా ఆవిడ ఇలా తీరిగ్గా మాట్లాడగలిగేలా, ఆ కౌంటరులో ఇంకొకరిని వేయమని కోరాం.