గైడు ముందున్నా స్టీరింగు మన చేతిలోనే

సంపాదకులకు,

విదేశాల్లో మోటర్‌హోమ్ యాత్రలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని బెంగళూరులోని మా తెలుగు మిత్రులం చాలామందిమి శ్రద్ధగా చదివాం. పిల్లలు స్థిరపడి, పదవీ విరమణ కూడా అయిపోయి, ఇంటిని చక్రాల మీద పెట్టుకుని నాలుగు దేశాలు తిరిగి రావాలన్న కోరిక ఉన్న దంపతులు జయనగర్, మల్లేశ్వరం వైపు ఇప్పుడు తక్కువేమీ లేరు. అయితే నిర్వాహకుల వెంట బృందంగా వెళితే నిశ్చింత అనీ, సొంతంగా వెళ్లడం దుస్సాహసం అనీ ఆ వ్యాసం తేల్చేసిన తీరు అటువంటివారిని తప్పుదారి పట్టించేలా ఉంది.

బృందయాత్ర అనగానే మనవాళ్లకు కాశీయాత్ర బస్సు గుర్తుకొస్తుంది. వంటమనిషి, మేనేజరు, డ్రైవరు అందరూ ఉంటారు, మనం ఎక్కి కూర్చుంటే చాలు. మోటర్‌హోమ్ బృందంలో ఆ ఏర్పాటు ఉండదు. సాధారణంగా నాయకుడి వాహనం ముందు వెళుతుంది, చెడిపోయిన బండ్లను చూసుకునే సహాయకుడు అందరికన్నా వెనక వస్తాడు, మధ్యలో ఎవరి బండిని వారే, ఆ రోజు దారి వివరాలున్న పుస్తకం దగ్గర పెట్టుకుని, తమ వీలును బట్టి నడుపుకుంటూ సాయంత్రానికి అనుకున్న క్యాంపు చేరుకుంటారు. లైసెన్సు మనది, బీమా మనది, జరిమానా పడితే అదీ మనదే. మరుగుదొడ్డి ట్యాంకును మోసుకెళ్లి నిర్దేశించిన చోట ఖాళీ చేసే పని కూడా మనదే, ప్రకటనల్లోని ఫొటోలలో ఆ దృశ్యం ఎన్నడూ కనబడదు గాని.

కాబట్టి చర్చ లైసెన్సు దగ్గర మొదలు కావాలి. ఆర్‌టీఓ కార్యాలయం 4ఏ ఫారం మీద, రూ.1,000 రుసుముతో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది మాత్రమే చెల్లుతుంది. 1949 నాటి జెనీవా ఒప్పందాన్ని అనుసరించి ఇచ్చే ఆ పర్మిట్‌లో కార్లు వచ్చే తరగతికి, సామానుతో సహా, బరువు పరిమితి 3,500 కిలోలు. మన దేశంలోనైతే తేలికపాటి వాహనం అంటే 7,500 కిలోల దాకా వస్తుంది, ఆ లైసెన్సుతో ఆ బరువులోపు రవాణా వాహనాలను కూడా నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక్కడి ధీమాతో ఐరోపాలో ఆరుగురు పడుకునే పెద్ద బండిని బుక్ చేసుకుంటే చిక్కే. బండి కాగితాల్లో 3,500 అని ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నూరు లీటర్ల నీళ్లు నింపితే నూరు కిలోలు, ఆపైన గ్యాస్ సిలిండర్లు, మనుషులు, మన సూట్‌కేసులు (ఇవి తేలికగా ఉన్న సందర్భం నేనింతవరకు చూడలేదు) కలిస్తే తూకం హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు.

తొలిసారి వెళ్లేవారు న్యూజిలాండ్‌కు సొంతంగా వెళ్లడమే మేలని నా అభిప్రాయం. అక్కడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు కార్డు చెల్లుతుంది, కరెంటు కనెక్షను, ఉమ్మడి వంటగది ఉన్న హాలిడే పార్కులు దేశమంతటా ఉంటాయి. వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు సుమారు మూడున్నర గంటల ఫెర్రీలో బండితో సహా సముద్రం దాటడానికి నాయకుడెవరూ అక్కర్లేదు. అయితే తెలుసుకోవలసినవి బయలుదేరక ముందే తెలుసుకోవాలి. ఉచిత స్థలాల్లో రాత్రి బస చేయాలంటే, 2023 చట్టం వచ్చాక, చాలాచోట్ల బండిలో బిగించిన మరుగుదొడ్డి ఉండి తీరాలి. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు మీదకు అద్దె బండిని తీసుకెళితే బీమా వర్తించదు. విమానాశ్రయంలో ఆవకాయ సంగతి డిక్లరేషన్‌లో రాయకపోతే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా అక్కడికక్కడే పడవచ్చు. రాశాక వారు అనుమతించకపోతే పోయేది ఆవకాయ ఒక్కటే.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు ఆర్‌వీ (మోటర్‌హోమ్ వంటి బండ్లకు అక్కడి పేరు) అద్దెకు తీసుకునేవారు కుడివైపు నడపడంతో పాటు బండి పొడవునూ చూసుకోవాలి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు ఎగువ భాగంలోకి 21 అడుగులు మించిన వాహనాన్ని రానివ్వరు.

బృందం అవసరమైన చోట్లు లేకపోలేదు. సరిహద్దులు ఎక్కువై, భాష తెలియక, మరమ్మతు చేసేవారు దొరకని దారుల్లో పదిమందితో కలిసి వెళ్లడమే తెలివి. కారు వెనక తగిలించి లాగే ఇళ్లయిన ట్రైలర్లను తయారుచేసే అమెరికా సంస్థ ఎయిర్‌స్ట్రీమ్ వ్యవస్థాపకుడు వాలీ బయామ్ 1959-60లో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా వాటిని నడిపించుకు వెళ్లింది బృందబలంతోనే. స్పెయిన్ నుంచి ఫెర్రీలో మొరాకో వెళ్లి వచ్చే యాత్రలూ ఈ కోవలోకే వస్తాయి. కానీ అవి ప్రధానంగా ఐరోపా పాస్‌పోర్టు ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి. వారికి మొరాకోలో దిగడానికీ వీసా అక్కర్లేదు, తిరిగి స్పెయిన్ చేరడానికీ అడ్డు లేదు. మనకు మొరాకో అనుమతి వేరే కావాలి, స్పెయిన్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చి ఉంటే మొరాకో రేవు టాంజియర్‌లో దిగిన మరుక్షణం వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది, బృందం మాత్రం అనుకున్న తేదీకే బయలుదేరుతుంది. పైగా అద్దె బండిని ఐరోపా దాటించాలంటే దాని యజమానుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి.

అందువల్ల ఇటువంటి యాత్రల గురించి ఇకముందు రాసేటప్పుడు, సామానుతో సహా బండి గరిష్ఠ బరువెంత, ప్రమాదం జరిగితే బీమాకు ముందు మనం భరించవలసిన మొత్తమెంత, కప్పుకూ అడుగుభాగానికీ జరిగే నష్టం అందులో చేరుతుందా, వీసా ఎన్ని ప్రవేశాలకు ఉండాలి, ఒకరి బండి ఆగిపోతే మిగతావారు ఆగుతారా, సాగిపోతారా అన్న వివరాలను నిర్వాహకుల నుంచి రాబట్టి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ధర ఎలాగూ పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయనగర్, బెంగళూరు