సీసా పడింది, మా కెమెరా చూడలేదు

బాలానగర్‌లో మా దగ్గర హైస్పీడ్ కెమెరా అద్దెకు తీసుకునే పాత కస్టమర్లకు ఈ సంగతి నా నోటితోనే చెప్పాలి. మొన్న ఒక సిరప్ ఫ్యాక్టరీలో రాత్రంతా కెమెరా పెట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. "కెమెరా హ్యాంగ్ అయిందట" అని మీలో కొందరు ఈపాటికే విని ఉంటారు. అది హ్యాంగ్ కాలేదు.

ఆ లైన్‌లో స్టార్ వీల్ (సీసాల్ని గాడుల్లో పట్టుకుని తిప్పే పళ్ల చక్రం) దగ్గర షిఫ్టుకి ఒకటో రెండో సీసాలు పడిపోతున్నాయి. ఎందుకో కంటికి అందదు. 1280×800 సైజు, సెకనుకు 2,000 ఫ్రేములు పెట్టాను. (10,000 ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లు ఉంటారు. సీసా పడటం చూడటానికి అంత అక్కర్లేదు, మెమరీ దండగ.) ఈ కెమెరా తన మెమరీలోనే రాసుకుంటూ, నిండగానే పాతదాన్ని చెరిపి మళ్లీ మొదటి నుంచి రాస్తుంది. ట్రిగ్గర్, అంటే "ఇక ఆపు" అనే సిగ్నల్, బయటి నుంచి అందితేనే ఆగుతుంది. 12 బిట్‌లో ఒక్కో ఫ్రేము ఒకటిన్నర ఎంబీ, మెమరీ 16 జీబీ, అంటే ఎప్పుడైనా చేతిలో ఉండేది ఐదు సెకన్లే. మెషిన్ జామ్ సిగ్నల్ ఇచ్చేసరికి సీసా పడిపోయి ఉంటుంది కాబట్టి మెమరీలో ట్రిగ్గర్‌కి ముందు జరిగినదానికి 80 శాతం, తర్వాతదానికి 20 శాతం ఉంచాను. ఇంతవరకూ నా సెట్టింగుల్లో తప్పు లేదు. గీర అనుకున్నా సరే.

మెషిన్ ఇచ్చేది 24 వోల్టుల సిగ్నల్, కెమెరా తీసుకునేది 5 వోల్టులు. మధ్యలో ఒక బాక్సు ఉండాలి. అందులో ఆప్టోకప్లర్ ఉండాలి, అంటే రెండు వైపుల వైర్లు కలవకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే చిన్న చిప్పు. "ఆప్టోకప్లర్ ఉంది, ఐసొలేషన్ పక్కా" అని ఒక సప్లయర్ బిల్లు మీద రాసి మరీ మూడు బాక్సులు ఇచ్చాడు. ఆ రాత్రి పక్కనున్న కార్టన్ మెషిన్ మోటార్ డ్రైవ్ (మోటారు వేగాన్ని నడిపే కరెంటు యూనిట్) స్టార్ట్ అయినప్పుడల్లా దాని కరెంటు నాయిస్ వైరులోకి దూరి ఉత్తుత్తి ట్రిగ్గర్ కొట్టింది. పదకొండు సార్లు! ప్రతిసారీ కెమెరా నిక్షేపంగా నడుస్తున్న సీసాల్ని పట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి పంపుతూ కూర్చుంది. గిగాబిట్ కేబుల్ మీద 16 జీబీ వెళ్లాలంటే ఎంత లేదన్నా రెండు నిమిషాల పైనే. ఆ కాసేపూ దానికి కళ్లు లేనట్టే. సరిగ్గా అలాంటి ఒక సేవింగ్ మధ్యలో, తెల్లవారుజామున మూడు దాటాక, సీసా పడింది.

మూడోసారికే బాక్సు పీకేయాల్సింది. నేను సెన్సర్‌ని అనుమానించాను, కేబుల్‌ని అనుమానించాను, పాపం అక్కడి ఆపరేటర్‌ని కూడా విసుక్కున్నాను. అది నా తప్పే.

షాపుకొచ్చి మూత తీస్తే లోపల రెండు రెసిస్టర్లు. కప్లర్ కూర్చోవాల్సిన చోట ఖాళీ కన్నాలు. మిగతా రెండు బాక్సులూ అంతే. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మీ ఎర్తింగ్ బాగున్నట్టు లేదు సార్." ఫొటోలు పంపాను. వేరే బ్యాచ్ అన్నాడు. డబ్బు వెనక్కిస్తానన్నాడు కూడా, కానీ నా కస్టమర్ ముందు పోయిన పరువుని ఏ ఖాతాలో వేస్తాడు? ఆయనతో లావాదేవీ అక్కడితో సరి.

ఇక నాలుగు రోజులు నన్ను తినేసిన విషయం మెమరీ. ఒకే ముక్కగా ఉంచితే ఐదు సెకన్ల నిండు షాట్ వస్తుంది, దానికే మన దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 1.3 సెకన్లే, కానీ ఒక ముక్క నిండగానే సేవింగ్ కోసం ఆగకుండా రెండోది సిద్ధమవుతుంది. సైజు 640×480కి తగ్గిస్తే ఒకే ముక్కలో 17 సెకన్లు దొరుకుతుంది, కానీ సీసా అడుగు వీల్ అంచుకి తగలడం కనపడకపోతే ఆ 17 సెకన్లు ఏం చేసుకుంటాం? వైరు తీసేసి, బొమ్మలో మార్పు చూసి కెమెరానే ట్రిగ్గర్ కొట్టుకునేలా పెడదామా అనుకున్నాను. లైన్ మీద ఎవరో చెయ్యి అడ్డం పెట్టినా కొట్టేస్తుంది. చివరికి పాత వీడియోలన్నీ ముందేసుకుని చూశాను. సీసా ఊగడం మొదలైన దగ్గర్నుంచి జామ్ సిగ్నల్ దాకా ఒక్కదాంట్లోనూ అర సెకను దాటలేదు. కాబట్టి ఇక నుంచి నైట్ డ్యూటీలన్నీ నాలుగు ముక్కలతోనే. ఐదు సెకన్లు కావాలంటే ముందే చెప్పండి, పెడతాను, కానీ ఒకసారి వద్దంటాను.

ఆ ఫ్యాక్టరీకి బిల్లు వేయలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం, అదీ మా ఖర్చుతోనే. కొత్త బాక్సు నేనే కప్లర్ వేసి సోల్డర్ చేశాను. మా వర్క్‌షాప్‌లో డ్రైవ్ పక్కనే పెట్టి రెండు రోజులు నడిపితే ఒక్క ఉత్తుత్తి ట్రిగ్గర్ కూడా రాలేదు. అద్దె రేట్లు మారలేదు.

ఆ సప్లయర్ ఇచ్చిన బూడిదరంగు బాక్సులతో కెమెరా తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా "రాత్రంతా ఏమీ దొరకలేదు" అని సరిపెట్టుకుని ఉంటే నాకు ఫోన్ చేయండి, ఆ రోజు అద్దె వచ్చే బిల్లులో తగ్గిస్తాను. ఒక బాక్సు మూత తీసి కౌంటర్ మీదే పెట్టాను. ఎవరైనా చూడొచ్చు, ఎర్తింగ్ గురించి మాట్లాడిన ఆయనతో సహా.