ఖైదీలతో పారిశుధ్య పనులు: ముందు తేల్చుకోవలసిన సంగతులు

గౌరవనీయులైన సంపాదకులకు,

జైళ్లలో శిక్ష అనుభవిస్తున్నవారిని జట్లుగా బయటికి తీసుకువచ్చి, రోడ్ల పక్కన చెత్త ఏరించడానికి, కాలువ గట్ల మీద పిచ్చిమొక్కలు కొట్టించడానికి, పూడికలు తీయించడానికి వినియోగించాలన్న సూచన తరచుగా వినిపిస్తూ ఉంటుంది. నేను దీనికి వ్యతిరేకిని కాను. ఏళ్ల తరబడి గోడల మధ్య ఉండే మనిషికి ఆరుబయట, పదిమందికి ఉపయోగపడే పని దొరకడం మంచిదే. అయితే ఈ ఆలోచనను సమర్థించేవారిలో చాలామంది ఖర్చు లేకుండా పని జరిగిపోతుందని అంటారు. నా అభ్యంతరమంతా ఆ ఒక్క కారణం మీదే.

ఖర్చు ఉండకపోవడం ఏమీ ఉండదు. కాపలా సిబ్బంది జీతాలు, వాహనాలు, పనిముట్లు, వైద్య పరీక్షలు అన్నీ జైళ్ల శాఖ పద్దులో పడతాయి కాబట్టి పురపాలక సంఘం లెక్కల్లో కనిపించవు, అంతే. వాటినన్నిటినీ కలిపి చూశాక కూడా పని చౌకగానే తేలితే, ఆ మిగులు ఖైదీకి ఇవ్వకుండా ఆపిన కూలి నుంచి వచ్చిందనుకోవాలి. ఐక్యరాజ్యసమితి 2015లో సవరించి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఖైదీల పనికి న్యాయమైన ప్రతిఫలం ఉండాలని, పనిలో గాయపడితే బయటి కార్మికులకు చట్టప్రకారం అందేదానికి తీసిపోని పరిహారం ఇవ్వాలని చెబుతున్నాయి. భారత సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన తీర్పులో, కఠిన కారాగార శిక్ష పడినవారి చేత పని చేయించవచ్చునంటూనే, దానికి న్యాయమైన వేతనం చెల్లించాలని, ఆ వేతనంలో కొంత భాగాన్ని నేర బాధితులకు పరిహారంగా ఇచ్చేలా రాష్ట్రాలు చట్టం చేయాలని సూచించింది. ఖైదీలు సమాజానికి బాకీ తీర్చుకోవాలని గట్టిగా వాదించేవారు ఈ రెండో భాగాన్ని ఎందుకనో ప్రస్తావించరు. కూలే ఇవ్వనప్పుడు బాధితుడికి దక్కేది ఏమీ ఉండదు.

ఇక రెండో చిక్కు పారిశుధ్య కార్మికులది. చాలా నగరాల్లో వారిని కాంట్రాక్టర్లే పనిలోకి తీసుకుంటారు. అటువంటి చోట అదే పనికి ఖైదీలను పంపితే, ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా నెట్టుకురావడానికి అధికారులకు ఒక సాకు దొరుకుతుంది, కాంట్రాక్టరుకు ఉచితంగా మనుషులు దొరుకుతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి ఒప్పందం జైలు పనిని నిర్బంధ శ్రమ కింద లెక్కించకుండా మినహాయించింది గాని, ఆ మినహాయింపుకు షరతులు పెట్టింది: న్యాయస్థానం శిక్ష విధించి ఉండాలి, పని ప్రభుత్వ అధికారుల పర్యవేక్షణలోనే సాగాలి, ఖైదీని ప్రైవేటు వ్యక్తులకు గాని కంపెనీలకు గాని అప్పగించకూడదు. కాంట్రాక్టరు ఒప్పుకున్న వీధిని ఖైదీలు ఊడ్చిపెడితే ఆ షరతు నిలిచినట్టా, తప్పినట్టా అన్నది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. విచారణ ఖైదీల సంగతి ఇంకా స్పష్టం. వారు దోషులని ఇంకా ఏ న్యాయస్థానమూ చెప్పలేదు కనుక, కోరుకుంటే పని ఇవ్వవచ్చు గాని బలవంతపెట్టడానికి వీల్లేదు.

పనిని ప్రదర్శనగా మార్చే ధోరణి కూడా ఉంది. 1995లో అమెరికాలోని అలబామా రాష్ట్రం ఖైదీల కాళ్లకు గొలుసులు వేసి, ఒకరితో ఒకరిని కలిపికట్టి రోడ్ల పక్కన పనిచేయించే పాత పద్ధతిని మళ్లీ తెచ్చింది. వ్యవహారం కోర్టుకెక్కడంతో మరుసటి ఏడాదే ఆ గొలుసులను మానుకుంది. అంత దూరం పోకపోయినా, చూపరులు ఫోన్లతో ఫొటోలు తీసి పంచుకునే ఈ రోజుల్లో దూరం నుంచే ఖైదీ అని తెలిసిపోయే దుస్తులు తొడిగి నడివీధిలో నిలబెట్టడం, కోర్టు వేయని అదనపు శిక్ష వేయడమే. అతని పిల్లలు చదివే బడి ఆ వీధిలోనే ఉండవచ్చు. రోడ్డు పనివారందరూ వేసుకునే, వెలుతురు పడితే మెరిసే చొక్కా, చేతి తొడుగులు, గంబూట్లు చాలు. మురుగు గుంతల్లోకి మనిషిని దించే పని మాత్రం ఖైదీకైనా, మరెవరికైనా వద్దు. జైలు లోపల ఊడ్చే, కడిగే పనులను కులాన్ని బట్టి కేటాయించడం రాజ్యాంగ విరుద్ధమని అదే సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పవలసి వచ్చింది. అందుచేత బయటి జట్లలోకి ఎవరిని, ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారో రాతపూర్వకంగా ఉండాలి.

ఈ పథకాన్ని ప్రతిపాదించే పురపాలక సంఘాలను నేను అడగదలచినది ఒకటుంది. నేరచరిత్ర ఉందన్న కారణంతో విడుదలైన మనిషికి పని నిరాకరించడం సర్వసాధారణం. శిక్షాకాలంలో మీ వీధులు శుభ్రం చేయడానికి పనికొచ్చిన వ్యక్తి, విడుదలయ్యాక అదే పనికి దరఖాస్తు పెట్టుకుంటే తీసుకుంటారా? ఆ హామీని కూలి రేటుతో, బీమాతో పాటు జైళ్ల శాఖతో కుదుర్చుకునే ఒప్పందంలోనే చేర్చి, పని మొదలయ్యే ముందు ఆ ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు