సరస్సుల ఒడ్డున సరుకుల బాటలు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు.

ఈ ఏడాది మన అధ్యయన బృందం ఒకే విషయం పట్టుకుని పనిచేసింది. రష్యా వాయవ్య మూలనున్న ఒనేగా సరస్సుకీ, లాట్వియాలోని లుబాన్స్ సరస్సుకీ మధ్య మ్యాపు మీద గీత గీస్తే దాదాపు 700 కిలోమీటర్లు. క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది రెండో సగం నుంచి ఈ నేల మీద రాతి పనిముట్లు, అంబర్ (పాతకాలపు చెట్టుబంక గట్టిపడి రాయిలా మారినది), చెకుముకిరాయి అటూ ఇటూ తిరిగాయి. తిప్పినవాళ్ళు వేట మీదా చేపల మీదా బతికినవాళ్ళు. వాళ్ళకి పొలాలు లేవు, రాజులు లేరు, నగరాలు లేవు. వర్తకం మొదలవ్వాలంటే ముందు ధాన్యపు రాశులుండాలన్న అభిప్రాయం మన పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. దాన్ని కదిలించడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ మాకు దొరకలేదు.

రాయి సంగతి

ఒనేగా పడమటి వైపు, పెట్రోజవోద్‌స్క్ నగరానికి దగ్గర్లో, షూయా నది దిగువన మెటాటఫ్ అనే ఆకుపచ్చ ఛాయగల నున్నటి రాయితో పనిచేసిన కార్ఖానాలుండేవి. ఇది అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రూపం మారిన రాయి. దీంతో గొడ్డళ్ళు, బాడిసలు, అంచు లోపలికి గుంటగా తిరిగిన ఉలులు చేశారు. అడ్డంగా కోస్తే చాలావాటి ఆకారం ట్రపీజియంలా ఉంటుంది. మొదట పెచ్చులు కొట్టి రూపం తెచ్చి, తర్వాత ఇసుకరాతి పలకల మీద నూరేవారు. పురావస్తు పరిశోధకుడు అలెక్సేయ్ తరాసొవ్ తవ్విన ఫొఫానొవొ 13 స్థలంలో పని జరిగిన జాగా చిన్నదే అయినా పెచ్చులు కుప్పలుగా బయటపడ్డాయి. అదే పనిగా చేయి తిరిగినవాళ్ళు అక్కడ కూర్చుని పనిచేశారనడానికి ఆ తుక్కే రుజువు.

ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాల్లో మాత్రం ఈ రాయి తయారైన పనిముట్లుగానే కనిపిస్తుంది. మ్యూజియం అద్దాల వెనకున్న గొడ్డలి ఎక్కడికి చేరిందో మాత్రమే చెబుతుంది. ఎక్కడ బయల్దేరిందో చెప్పేది పెచ్చులే. అందుకే బృందం తయారుచేసిన మ్యాపులో ముడిరాయి, సగం చేసిన వస్తువు, పెచ్చులు, తయారైన వస్తువు, పదును పెట్టీ పెట్టీ అరిగిపోయిన వస్తువు అని ఐదు గుర్తులు పెట్టాం. అన్నిటికీ ఒకే చుక్క పెట్టిన మ్యాపుల్లో సరుకు వెళ్ళిన దిశ తెలియదు.

అంబర్ కథ ఇందుకు తిరగబడి నడుస్తుంది. ముడి అంబర్ బాల్టిక్ తీరానికి కొట్టుకొస్తుంది. లుబాన్స్ సరస్సు ఆ తీరానికి చాలా లోపల ఉంది. అయినా అబోరా, జ్విద్జె వంటి అక్కడి నివాసాల్లో పురావస్తు పరిశోధకురాలు ఇల్జే లోజే జరిపిన తవ్వకాల్లో ముడి ముక్కలూ, సగంలో ఆగిపోయిన నగలూ బయటపడ్డాయి. అంటే ముడిసరుకు లోపలికి వచ్చి, నగ అయి, మళ్ళీ బయల్దేరింది.

దెరెవ్యాన్నొయె సమాధి

ఏడాదిలో ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. ఒనేగా పడమటి ఒడ్డున దెరెవ్యాన్నొయె గ్రామం దగ్గర పెట్రోజవోద్‌స్క్ విశ్వవిద్యాలయ బృందం, అలెగ్జాండర్ జూల్నికొవ్ ఆధ్వర్యంలో, జేగురు చల్లిన ఒక సమాధిలో సుమారు 140 అంబర్ వస్తువుల్ని గుర్తించింది. ఈ సంగతి 2021లో వెల్లడైంది. బొత్తాలు వరసలుగా, ముఖం కిందికి తిప్పి ఉన్నాయి. శవం మీద కప్పిన తోలుకి కుట్టి ఉంటారని వాళ్ళ వివరణ. చిన్నచిన్న చెకుముకి పెచ్చులూ అందులో ఉన్నాయి. ఒనేగా ఉన్న కరేలియా ప్రాంతంలో చెకుముకి సహజంగా దొరకదు, అదీ బయటనుంచి రావలసిందే. పక్కనే రాతి గొడ్డళ్ళూ బాడిసలూ చేసిన చోట్లున్నాయి.

బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కాలిన్ రెన్‌ఫ్రూ పద్ధతి ప్రకారం సరుకు ఊరినుంచి ఊరికి చేతులు మారుతూ పోతే, పుట్టినచోటికి దూరమయ్యేకొద్దీ అది పలచబడాలి. ఇక్కడ దారి చివర్లో 140 ఒక్కచోటే కుప్పపడ్డాయి. ఎవరో నేరుగా అంత దూరం వచ్చారనో, లేదా ఇరువైపులా తెలిసినవాళ్ళ మధ్య నిలకడైన ఇచ్చిపుచ్చుకోలు ఉందనో దీంతో గట్టిగా అనుమానించవచ్చు. ఒక్క సమాధితో తీర్పు చెప్పకూడదు. అయినా గొడ్డళ్ళకు బదులుగా వచ్చిన అంబర్ ఇదేనన్న వాదన వైపే బృందం మొగ్గింది.

మ్యాపు గీసేవాళ్ళు తరచూ జారేచోట్లు

నేటి నదుల్ని చూసి పాత బాటలు గీయడం అన్నిటికంటే పెద్ద ముప్పు. ఒనేగా నీళ్ళు స్విర్ నది మీదుగా లదోగా సరస్సుకి చేరతాయి. అక్కడినుంచి నెవా నది మీదుగా సముద్రానికి పడవ నడిపించేస్తారు చాలామంది. కానీ నెవా పుట్టి మూడు వేల ఏళ్ళు దాటి కొద్దికాలమే అయింది. మనం చూస్తున్న ఆ పాతకాలంలో లదోగా నీళ్ళు కరేలియా భూసంధి ఉత్తర భాగం మీదుగా, వీబొర్గ్ వైపు నుంచి సముద్రంలో కలిసేవి.

రెండోది చలికాలం. గడ్డకట్టిన సరస్సు అక్కడ అడ్డంకి కాదు, రహదారి. ఫిన్లాండ్‌లోని హైనొలాలో దొరికిన స్లెడ్జి పట్టీ, రష్యాలోని విస్ బురదనేలలో దొరికిన ఎల్క్ (పెద్ద దుప్పి జాతి) తల చెక్కిన స్కీ ముక్క, తెల్లసముద్రం దగ్గర జలవ్రుగా రాతిబొమ్మల్లోని స్కీ వేటగాళ్ళు ఇందుకు ఆధారాలు. బరువైన రాయి మంచు మీద లాగితే తేలిక.

మూడోది తేదీలు. రేడియోకార్బన్ పరీక్ష నివేదికలో 5000 బి.పి. (1950కి ముందు ఇన్నేళ్ళు) అని ఉంటే అందులోంచి 1950 తీసేసి క్రీ.పూ. 3050 అని రాయకూడదు. కాలిబ్రేట్ చేస్తే, అంటే అసలు క్యాలెండర్ ఏళ్ళకి సరిదిద్దితే, అది క్రీ.పూ. 3800 ప్రాంతానికి వెళుతుంది. మంచినీటి చేపలు ఎక్కువ తిన్నవాళ్ళ ఎముకలు ఉన్న వయసుకన్నా ఇంకా పాతవిగా, ఒక్కోసారి కొన్ని వందల ఏళ్ళు ఎక్కువగా, కనిపిస్తాయి. అదే సమాధిలోని ఎల్క్ పన్నుతో సరిచూడాలి.

చేతిపని శిక్షణ

మెటాటఫ్ మనకు దొరకదు కాబట్టి తెలంగాణ, రాయలసీమల్లో దొరికే డోలరైట్ నల్లరాయి వాడాం. బళ్ళారి దగ్గరి సంగనకల్లులో మన నవీన శిలాయుగపు గొడ్డళ్ళు దీంతోనే చేశారు. కాకపోతే వాళ్ళు రైతులు, పశుపోషకులు. డోలరైట్ గరుకు కాబట్టి పెచ్చులు తీశాక గుండురాయితో పొడిచి సమం చేసి, ఆపైన నూరాలి. దెబ్బ వేసే అంచుని ముందు ఇసుకరాతితో రుద్ది మొద్దు చేయకపోతే అంచు నలిగి పెచ్చు మధ్యలో మెట్టులా విరుగుతుంది. ఆ మెట్టు మీదే మళ్ళీ కొడితే మెట్లు పేరుకుంటాయి తప్ప ఉబ్బు తగ్గదు. అవతలి అంచునుంచి రావాలి. నూరడం ఎప్పుడూ తడి ఇసుకతోనే, ఎందుకంటే పొడి దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కళ్ళద్దాలు లేనివాళ్ళని పనిలో కూర్చోనివ్వం. మిగిలిన పెచ్చులన్నీ ఒకే గోతిలో, ఈ ఏడాది నాణెంతో కలిపి పూడ్చాలి. లేకుంటే రేపు తవ్వేవాళ్ళు మోసపోతారు.

అంబర్ కొనేటప్పుడు ముందు ఉప్పునీటి పరీక్ష చేయాలి. 100 మిల్లీలీటర్ల నీటికి 20 గ్రాముల ఉప్పు కరిగిస్తే అంబర్ తేలుతుంది, గాజు, బేకలైట్ ప్లాస్టిక్ మునుగుతాయి. అంబర్ అంత పాతది కాని కోపల్ అనే చెట్టుబంక కూడా తేలుతుంది కాబట్టి ఒక చుక్క అసిటోన్ వేసి చూడాలి. జిగురుగా మారితే కోపల్. ఆ కాలపు బొత్తానికి వెనకవైపు నుంచి ఏటవాలుగా రెండు రంధ్రాలు వేసి లోపల 'వి' ఆకారంలో కలుపుతారు. ముందువైపు నుంచి చూస్తే రంధ్రమే కనబడదు. వాలు తక్కువైతే రెంటి మధ్య వంతెన పలచబడి దారం లాగగానే తెగుతుంది, మరీ నిటారైతే మొన ముఖం చీల్చుకుని బయటికొస్తుంది. చెకుముకి మొన బిగించిన విల్లు బరమాని నెమ్మదిగా తిప్పాలి. వేగం పెంచితే వేడికి పొడి మెత్తబడి మొనకు అంటుకుంటుంది, ముక్క పగులుతుంది.

పరిపాలన

జమాఖర్చులు విడిగా పంపాం. పొలాల్లో పాత పనిముట్లు కనబడితే చోటు రాసి, ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలపండి. ఇంటికి తేవద్దు.

వచ్చే ఏడాది జపాన్‌లోని సువా సరస్సు చుట్టుపక్కల ఆబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు గాజురాయి చూడబోతున్నాం. కిరిగమినె కొండల గాజురాయి ఉత్తరాన అఒమొరిలోని సన్నాయ్ మరుయామా దాకా చేరింది. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ (రాయిలోని మూలకాల్ని కొలిచే పరీక్ష) లెక్కలు చదవగలిగిన సభ్యులు ముందుగా పేరిస్తే, అర్థం చేసుకునే తరగతులు జూన్‌లోనే మొదలుపెడతాం.