గుడ్డు మీద ఉన్న పట్టింపు స్నాక్స్ బాక్సు మీద ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

అంగన్‌వాడీలో గుడ్డు చిన్నగా ఉందనీ పాలు టైముకి రాలేదనీ మీ జిల్లా పేజీలో వేస్తుంటారు, వెయ్యాల్సిందే, కాదనను. కానీ మా కావలిలో మూడేళ్లు నిండగానే పిలకాయల్ని అంగన్‌వాడీ మాన్పించి ఏబీసీడీలు వస్తాయని ప్రైవేటు ప్లేస్కూల్లో వేస్తున్నారు కదా, వాళ్ల తిండి సంగతి ఎవరూ రాయరేంది? మనవరాలి కోసం వెళ్లినప్పుడు చూస్తుంటా, బాక్సులు తెరిస్తే క్రీమ్ బిస్కెట్లు, చిప్స్, ఒకరిద్దరి దాంట్లో జామ్ పూసిన బ్రెడ్డు, అంతే. మధ్యాహ్నానికి పెరుగన్నం పెడతారు గానీ అదీ సగం తిరిగొస్తుంది, పదిన్నరకి బిస్కెట్లతో పొట్ట నింపుకున్న బిడ్డ పన్నెండింటికి అన్నం ఎట్ట తింటుంది చెప్పండి.

2013 ఆహార భద్రత చట్టంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి అంగన్‌వాడీలో రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ అందాలని రాశారు. ఒక్క గుడ్డులోనే ఆరు గ్రాముల దాకా వస్తుంది. మా వీధి సెంటర్లో ఆయమ్మ, పచ్చసొన ముట్టని పిల్లోడికి దాన్ని పప్పన్నంలో మెత్తగా మెదిపి కలిపేస్తుంది, వాడికి తెలీనే తెలీదు. వేలల్లో ఫీజు తీసుకునే చోట ఈపాటి శ్రద్ధ యాడుంది?

ఇక ఇళ్లల్లో టీ. సాయంత్రం పెద్దోళ్లు తాగేటప్పుడు బిడ్డకీ చిన్న గ్లాసులో పోసి బిస్కెట్లు ముంచి పెడతారు, కొందరైతే పొద్దున టిఫిన్‌తోనే. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనీవు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో పెద్దోళ్లకే చెప్పింది, మూడేళ్ల పసిదానికి అసలెందుకండీ? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత అని తేలింది మరి.

ఖర్చంటారేమో, మునగాకు చాలా పెరళ్లలో ఉండేదే, పొదలకూరు నిమ్మకాయలకి మనకేం కొదవ, పప్పులో మునగాకు వేసి దించాక నిమ్మ పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. ఉదయగిరి వైపు రాగిసంగటి ఇప్పటికీ వండుకుంటారు, టౌనుకొచ్చిన మనకే నామోషీ.

ప్లేస్కూళ్లని చూసే అధికారులు బాక్సుల్లో ప్యాకెట్ తిండి వద్దని రూలు పెట్టి, అప్పుడప్పుడూ చెప్పకుండా వెళ్లి మూతలు తీసి చూడాలి. జాగా చాలక ఉత్తరం కుదించాల్సొస్తే ఇంకేదన్నా తీసేయండి గానీ టీ సంగతి మాత్రం కట్ చెయ్యొద్దు.

ఒక అమ్మమ్మ, కావలి, నెల్లూరు జిల్లా