డీఏఆర్ చాప్టర్ల తలుపు మన పిల్లలకూ తెరిచే ఉంది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో జరిగే ఉగాది, బతుకమ్మ వేడుకల వార్తలు మీ పత్రికలో చదువుతుంటాం. అవే ఊళ్లలో గ్రంథాలయం గదిలోనో చర్చి హాల్లోనో సమావేశమయ్యే ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ (డీఏఆర్, అమెరికా స్వాతంత్ర్యానికి తోడ్పడినవారి వంశంలోని మహిళల సంస్థ) చాప్టర్ (స్థానిక శాఖ) గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ‘అది వాళ్ల వంశాల వ్యవహారం, మనకెందుకు’ అని వదిలేస్తున్నారు. సభ్యత్వం వరకూ ఆ మాట నిజమే. కానీ చాప్టర్ చేసే పనుల్లో చాలావాటికి వంశంతో పని లేదు. మన పిల్లలకూ, పౌరసత్వం తీసుకున్న పెద్దలకూ నేరుగా అందేవి వాటిలో ఉన్నాయి. తెలుగు సంఘాలు వీటిని పట్టించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాం.

1889లో మగవాళ్లు ‘సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ పెట్టుకుని, మరుసటి ఏడాది ఆడవాళ్లకు అందులో చోటు లేదని తేల్చేశారు. అందుకే 1890 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మహిళలు తమ సంస్థను తామే పెట్టుకున్నారు. 1896లో అమెరికా కాంగ్రెస్ దానికి చార్టర్ ఇచ్చింది. ఇప్పుడు చాప్టర్లు మూడు వేల దాకా ఉన్నాయి. చాప్టర్‌కు పెద్ద రీజెంట్ అయినా, అసలు బరువు మోసేది దరఖాస్తులు పరిశీలించే రిజిస్ట్రారే.

పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ, అమెరికా స్వాతంత్ర్యానికి తోడ్పడినవారి సంతతి తానని రుజువు చేసుకుంటే సభ్యురాలు కావచ్చు. తోడ్పాటంటే తుపాకీ పట్టడమే కానక్కర్లేదు. విధేయతా ప్రమాణం మీద సంతకం చేసినవారు, సైన్యానికి ధాన్యమో పశువులో ఇచ్చినవారు, యుద్ధ అవసరాల కోసం వేసిన పన్ను కట్టినవారు కూడా లెక్కలోకి వస్తారు. తల్లి వైపు నుంచి వచ్చినా, తండ్రి వైపు నుంచి వచ్చినా ఒకటే.

దరఖాస్తులో ఒక్కో తరానికి పుట్టుక, పెళ్లి, మరణం తేదీలూ ఊళ్లూ రాయాలి. తేదీల కంటే ముఖ్యమైనది, ఫలానావాళ్లు ఫలానావాళ్ల బిడ్డ అని చెప్పే కాగితం. చివరి మూడు తరాలకు ధ్రువపత్రాలు సాధారణంగా దొరుకుతాయి. చిక్కంతా 1850కి ముందరి తరాలతోనే. అప్పటి జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్లంతా వయసుల వారీగా వేసిన అంకెలే. 1850 నుంచి అందరి పేర్లూ రాశారు గానీ, ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాసింది 1880లోనే. 1890 లెక్కలు 1921 నాటి అగ్నిప్రమాదంతో దాదాపు పూర్తిగా పోయాయి. కాబట్టి వీలునామాలు, భూమి దస్తావేజులు, సైనికుల వితంతువుల పింఛను ఫైళ్లు వెతకాలి. ‘నా కూతురు మేరీ విల్సన్‌కు’ అని తండ్రి వీలునామాలో ఒక్క ముక్క ఉంటే చాలు, ఆమె పుట్టింటి పేరూ అత్తింటి పేరూ ఒకేసారి తేలిపోతాయి. కుటుంబ బైబిల్లో రాసుకున్న పుట్టుకలు ఆధారంగా చూపిస్తే, అచ్చయిన ఏడాది తెలిపే ముఖపత్రం నకలు కూడా జతచేయాలి. 1870లో అచ్చయిన బైబిల్లో 1790ల నాటి పుట్టుకలన్నీ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో ఉంటే, అవి ఎప్పుడో తర్వాత గుర్తున్నంత మేరకు రాసినవని ఇట్టే తెలిసిపోతుంది.

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఒకే పేరుతో ఉన్న మనుషుల దగ్గర. మన ఇళ్లలో తాత పేరే మనవళ్లందరికీ పెట్టినప్పుడు వచ్చే చిక్కే ఇదీ. ఆ రోజుల్లో ‘జూనియర్’ అంటే కొడుకనే అర్థం లేదు, ఊళ్లో అదే పేరున్నవాళ్లలో చిన్నవాడని. అతను అన్న కొడుకు కావచ్చు, అసలు చుట్టమే కాకపోవచ్చు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం చూసి ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపేస్తే, ఆ పైన కట్టిన తరాలన్నీ కూలిపోతాయి. ఆధారం చూపని వంశవృక్షాన్ని డీఏఆర్ ఒప్పుకోదు. పాత దరఖాస్తుల్లో నిలవని వంశాలకు తన జాబితాలో గుర్తు పెడుతుంది, ఆ పూర్వీకుడి మీద రాబోయేవారు మళ్లీ రుజువు తేవాల్సిందే. సొంతవాళ్లు ఒకసారి ఒప్పుకున్నదాన్ని కూడా తిరిగి ప్రశ్నించే ఈ పద్ధతి మాకు ఎంతో నచ్చింది. ఆ జాబితాను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

తెలుగు తండ్రి, అమెరికన్ తల్లి ఉన్న అమ్మాయిలకు ఈ వివరాలు ఇప్పటికే అవసరపడుతున్నాయి. వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది కాబట్టి తండ్రి తరాలను తవ్వక్కర్లేదు. అయితే తల్లిదండ్రుల పెళ్లి ఇండియాలో జరిగి ఉంటే ఆ వివాహ ధ్రువపత్రం కావాలి. అది తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా పెట్టాలి. ఇక్కడే ఇంటిపేరు ఇబ్బంది పెడుతుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, వివాహ పత్రంలో ఒట్టి పొడి అక్షరం, అమ్మాయి జనన పత్రంలో తండ్రి పేరే ఇంటిపేరుగా ఉంటాయి. మూడూ ఒకే మనిషివని వివరిస్తూ ముందే చిన్న కాగితం రాసి జతచేస్తే రిజిస్ట్రార్‌కు పని తేలికవుతుంది.

వంశంతో సంబంధం లేని పనుల్లో మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది పాత శ్మశానాల సంరక్షణ. చేతులు ఎన్ని ఉన్నా చాలని పని ఇది. మన సంఘాల యువత సేవా గంటల కోసం చోటు వెతుక్కుంటూ ఉంటారు, వాళ్లు ఇక్కడికి రావాలి. అయితే ఉత్సాహంతో వచ్చినవాళ్లే రాళ్లను పాడుచేస్తున్నారు, కాబట్టి పద్ధతి తెలిసుండాలి. ముందు శ్మశానం యజమాని అనుమతి తీసుకోవాలి. రాయిని వేలితో మెల్లగా తట్టినప్పుడు బోలుగా మోగినా, చెయ్యి రాస్తే పంచదారలా పొడి రాలినా దాన్ని ముట్టుకోకూడదు. గట్టి రాయైతే శుభ్రమైన నీళ్లతో బాగా తడపాలి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దుతూ, కడుగుతూ పోవాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు ఎండిన రాయి మీదుగా కారి చారలు పడతాయి. నాచు దట్టంగా ఉంటే చెక్క పుల్లతో గీకాలి, ఇనుము తగలకూడదు. బ్లీచ్ అసలే వద్దు. రాయి ఆ రోజుకు తెల్లగా మెరుస్తుంది గానీ, లోపలికి ఇంకిన లవణాలు తర్వాత పాలరాతిని పొరలు పొరలుగా రాల్చేస్తాయి. ప్రెషర్ వాషర్ అక్షరాలనే కొట్టుకుపోయేలా చేస్తుంది. అక్షరాలు కనబడాలని షేవింగ్ క్రీమ్ పూయడం కూడా హానే. అద్దంతో ఎండను పక్కనుంచి పడేలా తిప్పితే అక్షరాలు వాటంతటవే తేలతాయి, అప్పుడు ఫోటో తీసుకోవచ్చు. గడ్డకట్టే చలి రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు.

పిల్లల విషయానికొస్తే, హైస్కూలు చివరి ఏడాది విద్యార్థుల కోసం 1934 నుంచి ‘గుడ్ సిటిజన్స్’ కార్యక్రమం నడుస్తోంది. నమ్మకం, సేవ, నాయకత్వం, దేశభక్తి చూసి స్కూలు ఒక విద్యార్థిని ఎంపిక చేస్తుంది. చాలాచోట్ల చాప్టర్ పంపిన ఉత్తరం కౌన్సెలర్ బల్ల మీదే ఉండిపోయి గడువు దాటిపోతుంది. విద్యా సంవత్సరం మొదట్లోనే తల్లిదండ్రులు కౌన్సెలర్‌ను అడగాలి. అయిదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు అమెరికా చరిత్ర మీద వ్యాసరచన పోటీ ఉంది. బాగా రాసినవాళ్లు కూడా పదాల పరిమితి దాటడం వల్లో, చదివిన పుస్తకాల పట్టిక జతచేయకపోవడం వల్లో వెనకబడిపోతారు.

పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు చేతికి చిన్న జెండా ఇచ్చి స్వాగతం చెప్పిన మహిళలు ఎవరో మనలో చాలామంది అడిగి ఉండరు. అనేక ఊళ్లలో వాళ్లు డీఏఆర్ సభ్యులే. వలస వచ్చి పౌరులైనవారి సేవకు గుర్తింపుగా ఇచ్చే ‘అమెరికనిజం మెడల్’ కూడా ఈ సంస్థదే. ఉచిత వైద్య శిబిరాలు నడిపే మన డాక్టర్లు, ఆహార బ్యాంకుల్లో పనిచేసే మన గృహిణులు దానికి తగినవాళ్లే. కానీ ప్రతిపాదన చాప్టరే పంపాలి. చాప్టర్‌కు మనం తెలియకపోతే పేరు ఎలా పంపుతుంది?

1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌ను తమ కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడనివ్వని సంస్థ కదా ఇది అని కొందరు అంటారు. అది జరిగిందే, అది తప్పే. అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ అందుకే ఆ సంస్థ సభ్యత్వానికి రాజీనామా చేశారు. నల్లజాతి మహిళకు ఆ సంస్థలో గుర్తింపు పొందిన సభ్యత్వం దక్కడానికి 1977 దాకా పట్టింది. తర్వాత ఆ సంస్థే అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న నల్లజాతి, ఆదివాసీ దేశభక్తుల పేర్లు వెతికి పుస్తకంగా వేసింది. దూరం నుంచి తిట్టడం కన్నా, మన ఊరి చాప్టర్ ఈరోజు ఎలా ఉందో వెళ్లి చూసి మాట్లాడటం మేలని మా అభిప్రాయం.

తెలుగు సంఘాల కార్యవర్గాలకు మా విన్నపం ఒక్కటే. ఏటా సెప్టెంబరు 17 నుంచి 23 వరకు జరిగే రాజ్యాంగ వారోత్సవం డీఏఆర్ కోరిక మీద 1956లో చట్టమైంది. గ్రంథాలయాల్లో ప్రదర్శనలు పెట్టేది ఈ చాప్టర్లే. వాళ్ల ఏడాది కార్యక్రమం వేసవిలోనే ఖరారవుతుంది కాబట్టి, మే నెలలోపు రీజెంట్‌కు ఉత్తరం రాయండి. ప్రదర్శన దగ్గర నిలబడటానికి ఇద్దరు, శ్మశానం పనికి పదిమంది యువకులు వస్తారని స్పష్టంగా రాయండి. ‘కలిసి పనిచేద్దాం’ అని ముక్తసరిగా రాసిన ఉత్తరానికి ఎవరూ జవాబివ్వరు. తేదీ, మనుషుల సంఖ్య, ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు ఉన్న ఉత్తరానికి జవాబు వస్తుంది.

— వంశచరిత్ర పరిశోధనలో స్వచ్ఛందంగా సాయపడే కొందరు తెలుగు మహిళలు, వర్జీనియా