ఎడారి పూలు చూడబోయే చిట్టికి

అనంతపురం

చిట్టీ,

ఉగాదికి కూడా నీ ఫోన్ రాలేదు. పనిలో ఉంటుందిలే అన్నాడు మీ నాయన. ఓలిగలు చేశాను, నీ వంతు కూడా బుడ్డోడే తిన్నాడు. ఎర్రావు ఈనింది, కోడెదూడ. జేజికి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది.

మొన్న రమణత్త వచ్చి, "మీ చిట్టి పూలు చూడ్డానికి ఒక్కతే ఎడారికి పోతోందంట కదా" అంది. అప్పట్నుంచి నాకు టెన్షనే. నిజమేనా?

బుడ్డోడి ఫోన్‌లో కాలిఫోర్నియాలోని ఆ ఆంజా బొరేగో ఎడారి ఫోటోలన్నీ చూశాను. ఎంత బాగుందే! ఇసుకంతా ఊదారంగు వెర్బినా, మధ్యమధ్యలో తెల్లటి ప్రిమ్‌రోజ్, ఒకోటియో అనే ముళ్లపొద కొసల్లో ఎర్రటి పూలు. 2017లో, 2019లో విరగబూశాయంట. మీ నాయనకైతే విత్తనాల సంగతి నచ్చింది. ఏళ్ల తరబడి ఇసుకలోనే ఉంటాయి, చిన్న జల్లుకు కదలవు. మొలకను ఆపే పదార్థమేదో వాటిలోనే ఉంటుందంట, గట్టి వానకు అది కడుక్కుపోతేనే మొలుస్తాయి. మన దగ్గర మొదటి పదునుకే చెనక్కాయ వేసి, ఆ తర్వాత వాన రాక ఎంతమంది విత్తనం పోగొట్టుకున్నారు! ఆ మాటే అనుకుంటూ మీ నాయన రాత్రి చాలాసేపు కూర్చున్నాడు.

ఒక్కదానివే పోతున్నావా? అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదంట కదా.

మీ చిన్నతాత సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. దర్గా హొన్నూరు ఇసుక దిబ్బలు ఆయన చిన్నప్పట్నుంచీ తిరిగిన చోటే. ఒక చైత్రమాసంలో ఎద్దు తప్పిపోయిందని పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తాను కదా అని చెంబుడు నీళ్లు కూడా తీసుకోలేదు. ఎటు పోతున్నదీ ఎవరికీ చెప్పలేదు. పొద్దు వాలినా రాకపోయేసరికి ఊళ్లోవాళ్లు లాంతర్లు పట్టుకుని కణేకల్లు దారి పట్టారు. ఆయన పోయింది ఏటి వైపు. ఎద్దు మాత్రం దానంతటదే ఇంటికొచ్చి గాటికాడ నిలబడింది. అర్ధరాత్రి దాటాక ఒక గొర్రెలకాపరి చూసి కేకేశాడు. తుమ్మచెట్టు కింద పడున్నాడంట, నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట రాలేదు. జేజి తడిగుడ్డతో బొట్టుబొట్టుగా నీళ్లు పిండి తెల్లారేదాకా కూర్చుంది. బతికాడు. తెలిసిన ఇసుకలోనే అట్లయింది. నీది తెలియని ఇసుక.

పోవద్దని కాదు. చూడాల్సిందే. కానీ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లుండాలి, కారులో ఇంకా ఎక్కువ పెట్టుకో. పొద్దున్నే నడిచి, ఎండ ముదరకముందే వెనక్కి రా. ఈ కాలంలో పాములు బయటికొస్తాయి, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. చోయా అనే ముళ్లచెట్టు తగిలితే ముళ్లగుత్తి చర్మానికి పట్టుకుంటుందంట, చేత్తో లాగకుండా దువ్వెనతో ఎత్తి పారెయ్యాలి. పెద్దపళ్ల దువ్వెన ఒకటి సంచిలో వేసుకో. పూలు తెంపొద్దు, తొక్కొద్దు. అవి విత్తనం కట్టాలి. నువ్వు చిన్నప్పుడు తంగేడు కనిపిస్తే చాలు, ఒళ్లో నింపుకునేదానివి.

ఎవరితో పోయినా సరే, పేరు చెప్పు. మేమేమీ అనం. ఒక్కదానివి మాత్రం వద్దు.

ఈ ఉత్తరం బుడ్డోడు ఫోటో తీసి పంపుతాడు. ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో రాయి. వచ్చాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. తలకు నూనె పెడుతున్నావా లేదా?

అమ్మ